చెట్టు ఎక్కనివాడి ధీమా

నెల్లికుదురు,
ఆదివారం.

చిరంజీవి తమ్ముడు రాజేందర్‌కు అక్క దీవించి రాసే ఉత్తరం.

ఇక్కడ అమ్మ, నేను, మీ బావ, పిల్లలు అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు. ఆ మాట మాత్రం నేను నమ్మలేదు.

ఫోన్లో మాట్లాడితే ఇద్దరం అరుచుకుంటున్నామని మరదలు దీప నీ చేతిలోంచి ఫోను లాగేసుకున్నదట, మంచి పని చేసింది. దాంతో నువ్వు నాలుగు పేజీల ఉత్తరం రాశావు. బడిలో వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాలు రాయనివాడివి, అక్కను తిట్టడానికి ఎంత ఓపిక వచ్చిందిరా! సరే, నేనూ ఉత్తరమే రాస్తున్నాను. ఇందులో నువ్వు మధ్యలో అడ్డం రాలేవు.

అమ్మ మోకాలు ఎట్లా ఉందని అడిగావు. నొప్పి తగ్గింది, మొండితనం తగ్గలేదు. వద్దంటే వినకుండా మొన్న పత్తి ఏరడానికి పోయింది. మామిడికాయ తొక్కు ఎందుకు పంపలేదని కోపం చేశావు. పంపను. పొద్దున రొట్టెలోకీ తొక్కే, డ్యూటీ టిఫిన్లోకీ తొక్కే, రాత్రి పెరుగన్నంలోకీ తొక్కేనని దీప చెప్పింది. ఆ ఉప్పంతా ఎటు పోతుందనుకున్నావు? జాడీ నా అటక మీద ఉంది. నువ్వు వచ్చి అడిగినా దించను.

ఇక, నీకు జబ్బుందని దీపకు చెప్పి నిన్ను బద్నాం చేశానని రాశావు. చెప్పింది నేను కాదు, ఆమే నాకు చెప్పింది. గనిలో డంపర్ నడిపేవాళ్లందరికీ పరీక్షలు చేశారని, నీకు బీపీ ఎక్కువ ఉందని, రక్తంలో కొవ్వు ఎక్కువ ఉందని, డాక్టరు రోజూ వేసుకోమని మాత్రలిచ్చాడని, నువ్వు పది రోజులు వేసుకొని మానేశావని, బీడీ మాత్రం మానలేదని. మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని డాక్టరు అడిగితే లేదన్నావట. నాకు రాసిన ఉత్తరంలోనూ అదే మాట.

"మన ఇంట్ల మగోళ్లందరు చెట్టు మీదికెళ్లి పడి పోయిండ్రు గని గుండెతోని పోలేదు. నేను చెట్టే ఎక్క. నాకేమైతది అక్కా?" అని.

తాత చెట్టు మీద పోయాడు, నాయిన చెట్టు మీద పోయాడు, నేను తాటిచెట్టెక్కే మోకు వదిలేసి భూపాలపల్లికి వచ్చి స్టీరింగు పట్టుకున్నాను కాబట్టి చావు నన్ను వదిలేసిందని నీ ధీమా. కల్లు గీసే ఇంట్లో పుట్టినవాడికే ఈ ధీమా వస్తుంది. ఆ వాక్యం చదివి నేను అన్నం తినలేకపోయాను. ఉత్తరం సంచిలో పెట్టుకొని సోమవారం పొద్దున్నే నాయిన అన్న, మన పెద్దబాపు ఇంటికి పోయాను.

నేను ఆశా పని చేయబట్టి పద్నాలుగేళ్లు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ ఒక ఫారం నింపుతాం. తల్లిదండ్రులకు గాని తోబుట్టువులకు గాని గుండె జబ్బు ఉందా అని అందులో ఒక ప్రశ్న ఉంటుంది. ఊరందరినీ గుచ్చి గుచ్చి అడిగి రాసే నేను, నా ఫారంలో మాత్రం ఎప్పుడూ "లేదు" అనే రాశాను. ఎందుకు రాశానో కింద చెబుతాను, కోపం రాకముందే చదివెయ్యి.

పెద్దబాపు అరుగు మీద కూర్చొని పేపరు చదువుతున్నాడు. ఫారం తీయగానే ఆయనే అన్నాడు.

"మా ఇంట్ల గసొంటి రోగాలు లేవని రాసుకో బిడ్డా."

"ఈసారి ఉందని రాస్త పెద్దబాపూ."

ఆయన పేపరు మడిచి చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు. "ఏంది స్వప్నా, పరాచికాలా? మనుమనికి జనగామల పిల్లను చూస్తున్నం. ఒక్క మాట బయటవడ్డదంటే ఎవలిస్తరు పిల్లను?"

"ఇయ్యకుంటే మానె. మనిషి బతికుంటే ఇయ్యాల కాకుంటే రేపు దొరుకుతది పిల్ల."

అప్పుడు సోమక్క పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి నా ఫారం మీద పెట్టింది. మూత తీశాను. బీపీ మాత్రలు, కొవ్వు తగ్గే మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వేసుకునేవి. రోజూ ఇంటింటికీ తిరిగేదాన్ని, వాటిని చూస్తే నాకు తెలియదా?

"పన్నెండేండ్ల సంది మింగుతుండు బిడ్డా," అన్నది పెద్దమ్మ. "వరంగల్ల గుండెకు స్టెంటు ఏపిచ్చిండ్రు. ఊర్లె అడిగితే గ్యాసు గోలీలని చెప్పమంటడు. ఇగ నేను చెప్ప. నాతోని కాదు."

రాజేందర్, నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. డెబ్బై నాలుగేళ్ల ముసలాయనని కూడా చూడలేదు.

"నువ్వు మింగి బతికినవ్ పెద్దబాపూ. మంచిదే, నూరేండ్లు బతుకు. గని నా తమ్మునికి ఒక్క మాట చెప్పకపోతివి. నీ తమ్ముని కొడుకు గాదా వాడు? వాడు గక్కడ గోలీలు పారేస్తుండు!"

ఆయన తల దించుకున్నాడు. "అప్పుడు మీ మంచికే చేసిన బిడ్డా," అన్నాడు. నేను ఫారంలో "ఉంది" అని రాసి, చదివి వినిపించి, ఆయన ఎదుటే సంచిలో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి నా ఫారం కూడా దిద్దాను.

ఇప్పుడు విను. ఇది ఇరవై ఎనిమిదేళ్లుగా నా కడుపులో ఉన్న మాట. అమ్మకు తెలుసు, పెద్దబాపుకు తెలుసు, నాకు తెలుసు. నీకొక్కడికే తెలియదు.

నాయిన చెట్టు మీద నుంచి పడలేదు.

ఆ రోజు సద్ది తీసుకొని తాటివనానికి పోయింది నేనే. నాకు పదిహేనేళ్లు. నాయిన చెట్టు మీదే ఉన్నాడు. నన్ను చూసి దిగడం మొదలుపెట్టాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. అట్లా ఆగడం నేను ఎన్నడూ చూడలేదు. కింద కాలు పెట్టి, కల్లు లొట్టి ఒలకకుండా పక్కన పెట్టి, నడుముకున్న మోకు తానే విప్పుకున్నాడు. చెట్టుకు ఆనుకొని కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట.

"ఎడమ చెయ్యి గుంజుతుంది బిడ్డా. ఛాతిల మంట. జర నీళ్లియ్యి," అన్నాడు.

రెండు గుక్కలు తాగాడు. మూడోది మింగలేదు. తల నా భుజం మీద వాలిపోయింది. నేను అరిచిన అరుపుకు పక్క చెట్టు మీదున్న పెద్దబాపు దిగి వచ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత నాయిన అంగీని భుజం దగ్గర చింపి, మట్టి పూశాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎవలడిగినా చెట్టు మీదికెళ్లి పడ్డడని చెప్పు. మీ తాత గిట్లనే మోకుల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. ఈ ఇంట్ల మగోళ్లు యాభై దాటరని పేరు పడితే నీకు సంబంధం రాదు, తమ్మునికి పిల్ల రాదు. చెట్టు మీద సస్తే గౌండ్లోళ్లకు మామూలే, ఎవలేమనుకోరు."

నేను చెప్పాను. పోలీసులెవరూ రాలేదు, ఊరంతా నమ్మింది. పదమూడేళ్ల నువ్వు నన్ను పట్టుకొని "నాయిన ఎంత ఎత్తుకెళ్లి పడ్డడక్కా?" అని అడిగితే, చెయ్యి పైకెత్తి చూపించాను కూడా. అబద్ధంతో నాకు పెళ్లయింది, నీకు పెళ్లయింది. ఆశా అయ్యాక, ఛాతీ నొప్పి అన్నవాళ్లను ఎంతమందిని నేను ఆటో ఎక్కించి దవాఖానకు పంపానో లెక్కలేదు. నా తమ్ముడికి మాత్రం చెప్పలేదు. భయం కాదురా, సిగ్గు. ఇన్నేళ్లు ఎందుకు దాచావంటే ఏం చెప్పాలని సిగ్గు. నన్ను తిట్టు, ఎన్ని పేజీలైనా రాసి తిట్టు. కాని మాత్ర వేసుకొని తిట్టు.

ఈ ఉత్తరం అందగానే డాక్టరు దగ్గరికి పోయి నీ నోటితో చెప్పు. మా నాయిన నలభై రెండేళ్లకు గుండెపోటుతో పోయాడు, మా తాత కూడా గుండెతోనే పోయాడు, మా పెద్దబాపుకు స్టెంటు వేశారు అని చెప్పు. ఏ పరీక్ష చేయమంటే అది చేయించుకో. బీడీ కట్ట దీప చేతికి ఇచ్చెయ్యి. బాగున్నానని నీకనిపించినా మాత్ర మానకు, నాయినకూ ఆ పొద్దున బాగానే అనిపించింది కాబట్టే చెట్టెక్కాడు. నీ కొడుకు శ్యాంకు కూడా ఈ మాట తెలియాలి. అబద్ధం వాడి దాకా పోనివ్వను.

రక్తంలో ఉంటే మనమేం చేస్తాం అని మాత్రం నాకు రాయకు. మన రక్తమే పెద్దబాపుదీ. ఆయనకు డెబ్బై నాలుగు. రోజూ గుప్పెడు మాత్రలు మింగి, ఉప్పు తగ్గించి, చెరువుకట్ట దాకా నడిచి వచ్చి, నిన్న కూడా నా మీద కోపంతో అరుగు దిగి ఊరంతా తిరిగాడు. ఊళ్లో వాళ్లు నన్ను ఏమన్నా అనుకోనీ. గుండె జబ్బు ఇల్లని పేరు పెట్టనీ. ఆ పేరు నేనే ముందు పెట్టుకున్నాను, ఇక వాళ్లకు పెట్టడానికి ఏం మిగల్లేదు.

వారంలోగా నువ్వు పోకపోతే పొద్దున మొదటి బస్సుకు నేనే వస్తాను. మీ గని గేటు దగ్గర, నీ తోటి డ్రైవర్లందరి ముందు, నీ చెయ్యి పట్టుకొని దవాఖానకు లాక్కుపోతాను. పరువు పోయిందని ఏడిస్తే ఏడువు.

వచ్చే నెలతో నీకు నలభై రెండు నిండుతాయి. నాయిన నలభై మూడు చూడలేదు.

ఇట్లు,
నీకు నలభై మూడు చూపించి తీరే
నీ అక్క,
స్వప్న