పెట్టెలో పట్టని రెండు గ్లాసులు

అక్కా,

నేనూ, నువ్విచ్చిన గాజు గ్లాసులూ ఎక్కడా పగలకుండా చేరాం. బెంగపడకు.

సరిహద్దు దగ్గర తనిఖీ ఆఫీసరు నా పెట్టె తెరిచి, నువ్వు గ్లాసులకు చుట్టిన కాగితాలన్నీ విప్పించాడు. "ఏమిటీ రాత?" అన్నాడు గుడ్లురిమి. మా అక్క రాసి పారేసిన కథ అన్నాను. నమ్మితేగా! చదివి అర్థం చెప్పమన్నాడు. నాకొచ్చిన అరకొర వాళ్ళ భాషలోనే చెప్పుకొచ్చాను. కోడలు ఉద్యోగానికని పరాయి దేశం బయల్దేరుతుంటే, ఉండిపొమ్మని నోరు తెరిచి అడగలేక అత్తగారు ఆమె చెప్పులు దాచేస్తుందని చెప్పేసరికి, నా వెనక లైనులో విసుక్కుంటున్న వాళ్ళంతా దగ్గరికొచ్చి నిలబడ్డారు. నాలుగో గ్లాసు కాగితంతో కథ ఆగిపోయింది.

"ఇంతకీ చెప్పులు దొరికాయా?" అన్నాడు ఆఫీసరు. నాకేం తెలుసు అన్నాను. "మా అమ్మ నా టోపీ దాచేది" అంటూ, ఆ కాగితాలు తనే మళ్ళీ గ్లాసులకు చుట్టి పెట్టె మూశాడు.

మన వీధి దాటితే మన భాష ఎవరిక్కావాలని కలం మూలన పడేశావుగా, ఇప్పుడేమంటావు?

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? నా గొడుగు మీ తలుపు వెనకే మర్చిపోయాను, వాడుకో. పిల్లల బుగ్గలు నా బదులు నువ్వే గిల్లు.

వచ్చే నెల మళ్ళీ ఆ సరిహద్దు దారినే రావాలి, ఆ ఆఫీసరు అడగకుండా వదలడు. పెట్టెలో పట్టక మీ ఇంట్లోనే వదిలేసిన రెండు గ్లాసులూ ఈలోగా చుట్టినవి చుట్టినట్టే పంపు. గ్లాసులు పగిలినా ఫర్వాలేదు, కాగితాలు జాగ్రత్త.

నీ వసపిట్ట