చివరి చెంచా వదిలెయ్

చిరంజీవి చెల్లికి అక్క దీవించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ, మీ బావా, కొడుకూ, కోడలూ బాగానే ఉన్నాం. నా మోకాలినీ, మీ బావ చెవినీ లెక్కలోకి తీసుకోకపోతే అందరం క్షేమమే. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ క్షేమమని రాశావు గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఈసారి అక్షరాలు వంకరపోయాయి. కళ్లజోడు పాడైందా, ఎక్కడైనా జారిపడ్డావా? పడితే దాచకు. నువ్వు దాస్తే నాకు నిద్ర పట్టదు, దాచకపోయినా పట్టదనుకో, అయినా చెప్పు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను. తర్వాత మర్చిపోతే అలుగుతావు. కుళాయి బాగైంది. కారడం ఆగిపోయింది కాబట్టి ఆ నీళ్లన్నీ గోడలో ఎటు పోతున్నాయోనని ఇప్పుడు కొత్త భయం. కోడలి దగ్గు తగ్గింది. ఆమె బస్సు నడిపే దారి మార్చారు, ఇప్పుడు పాత వంతెన మీదుగా వెళ్లాలట. నేను ఆ వంతెన గురించి ఆలోచించడం మానేశాను. మానేశానని పొద్దున్నే లేచి ఒకసారి, పడుకునేముందు ఒకసారి గుర్తు చేసుకుంటున్నాను.

ఇంట్లో ఏం వండుతున్నావని అడిగావు. మొన్న వారమంతా బఠానీ సూపే వండాను. అదీ మాడ్చిన సూపు. ఎందుకో కింద రాస్తాను. కోడలు ముక్కు మూసుకుని, "అత్తయ్యా, ఇల్లు తగలబెట్టే రోజు మాత్రం ముందు చెప్పండి, నా బట్టలు తీసి బయట పెట్టుకుంటాను" అంది. మీ బావ మాత్రం గిన్నె గీకి గీకి తిని, "ఇవాళ ఏదో కొత్త రుచి తగిలిందే" అన్నారు. ఆ మనిషికి పాత చెప్పు ఉడకబెట్టి పెట్టినా మారు అడుగుతారు.

నీ ఉత్తరంలో ఒక్కచోట నా చూపు ఆగిపోయింది. అమ్మాయి కూర వండి "ఉప్పు చూడమ్మా" అంటే, "నన్నడక్కు, నా నాలుక చచ్చిపోయింది" అన్నావట. పూటపూటా రొట్టెముక్క పాలల్లో నానబెట్టుకుని మింగుతున్నావట. ఒసే, ఎవరు నువ్వు? మీ బావ ఉల్లిపాయలు తరిగిన కత్తితో ఆపిల్ పండు కోస్తే, పక్కగదిలో మంచం మీద నుంచి "బావగారూ, కత్తి కడగలేదు" అన్నది నువ్వు కాదూ? మెట్లెక్కుతూ ఏ ఇంట్లో నూనె పాతదో చెప్పేదానివి. గురువారం గురువారం మనిద్దరం హోటలుకి వెళ్తే నేను మెనూకార్డు చదివానా ఎప్పుడైనా? నీ ముఖం చదివేదాన్ని. వాసన పీల్చి నువ్వు కళ్లు మూసుకుంటే అది తెప్పించుకోవాలి, ముక్కు ఎగరేస్తే మానెయ్యాలి. నాకొచ్చిన చదువంతా అదే.

అలాంటిదాన్ని పాలల్లో రొట్టెకి దించాడు ఆ గరిటె దొర. మూలమీద హోటలుకి వంటవాడూ తనే, యజమానీ తనే కాబట్టి మనం పెట్టుకున్న పేరు దొర. లేకపోతే ఆ మీసానికి దొరతనమేమిటి?

ఆ రోజు జరిగింది నీకు తెలియంది కాదు. అయినా రాస్తాను, రాస్తేగాని నా కడుపుమంట చల్లారదు. నువ్వు బఠానీ సూపు ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, వడ్డించే అమ్మాయిని పిలిచి, ఎవరికీ వినపడకుండా, "అమ్మా, ఇది అడుగంటినట్టుంది, వేరేది తెచ్చిపెడతావా" అన్నావు. అంతే. వాడు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. నీ గిన్నెలోది పక్క బల్లలవాళ్లందరికీ తలో చెంచా రుచి చూపించాడు. "మీరు చెప్పండి సార్, మాడిందా?" అందరూ లేదు లేదన్నారు. వాడి హోటల్లో, వాడి గరిటె ముందు ఏమంటారు మరి? నన్నూ అడిగాడు. నాకేమో ఆ రోజు జలుబు. ముక్కు దిబ్బడేసి ఉప్పూ తెలియడం లేదు, కారమూ తెలియడం లేదు. "నాకు జలుబు నాయనా" అన్నాను. హాలంతా నవ్వింది. అప్పుడు వాడు నీవైపు తిరిగి, "పళ్లు ఊడినట్టే నాలుకా ఊడుతుంది మామ్మగారూ. ఈ వయసులో ఇంట్లో జావ తాగాలి, హోటళ్లకి రాకూడదు" అన్నాడు.

నువ్వు సంచి తీసుకుని లేచావు. బయటికొచ్చాక, ఇంక ఆ గడప తొక్కనని ఇద్దరం ఒట్టేసుకున్నాం. ఆ తర్వాతి నెలలో నువ్వు అమ్మాయి దగ్గరికి వెళ్లిపోయావు. మోకాలి ఆపరేషను కోసమన్నావు. మోకాలు బాగైనా నువ్వు తిరిగి రాలేదు.

"పోనీలే అక్కా, మర్చిపో" అని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు. నీది మంచి మనసు. నాది కాదు. పగ పెట్టుకోవాలంటే ధైర్యం ఉండాలంటారు, నాకేమో తలుపు గొళ్లెం పెట్టానా లేదా అని సగం దారిలోంచి వెనక్కొచ్చే జబ్బు. అయినా పెట్టుకున్నాను. వాడి కూరలో వెంట్రుక వేద్దామనుకున్నాను. అప్పుడు పాపం వడ్డించే అమ్మాయి ఉద్యోగం పోతుంది. వాడి అద్దం తలుపు మీదికి రాయి విసురుదామనుకున్నాను. ఏ పసివాడి కాలిలోనో గాజుపెంకు దిగుతుంది. హోటళ్లు తనిఖీ చేసే ఆఫీసువాళ్లకి ఫిర్యాదు రాద్దామంటే హోటలు మూతపడి, అందులో పనిచేసేవాళ్లందరి ఉసురూ నాకు తగులుతుంది. రోజుకో పగ ఆలోచించడం, దాని వెనకాల వచ్చే ఆపదలన్నీ తలుచుకుని మానుకోవడం, ఇదే పనైపోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తిట్టాలనుకుంటే ఉత్తరం చివరిదాకా చదివి తిట్టు. మన ఒట్టు నేను తీసి గట్టున పెట్టాను. నువ్వు వెళ్లిన కొన్నాళ్లకే ఆ హోటలుకి వెళ్లాను. వెళ్లిందీ తినడానికి కాదు. ఎదురుగా కూర్చుని వాడివైపు గుడ్లురిమి చూద్దామని. తీరా కూర్చున్నాక, ఊరికే కూర్చుంటే బాగుండదని చేపవేపుడు చెప్పాను. తిన్నాను. వాడు ఇటే వస్తాడేమోనన్న భయంతో చివరి ముక్క తినకుండానే ప్లేటు పంపేశాను.

అప్పుడు చూశాను. ఖాళీ ప్లేట్లు లోపలికి తీసుకునే కిటికీ ఉంది చూడు, వాడు ఎప్పుడూ దాని దగ్గరే నిలబడతాడు. తిరిగొచ్చే ప్రతి ప్లేటూ వాడు కళ్లారా చూసుకోవాలి. "మా ప్లేట్లు తోమక్కర్లేదు, నాకేసి పంపిస్తారు" అని మీసం దువ్వుకునేవాడే, గుర్తుందా? నా ప్లేటు చూసి వాడి చెయ్యి ఆగిపోయింది. మెడ సాచి నావైపు చూశాడు. నేను మూతి తుడుచుకుని, "బ్రహ్మాండంగా ఉంది నాయనా" అని వచ్చేశాను.

దొరికింది చెల్లీ, నా పగ దొరికింది. ఎవరి కాలూ తెగదు, ఎవరి ఉద్యోగమూ పోదు.

అప్పటి నుంచి ప్రతి గురువారం వెళ్లాను. ఏది తెప్పించుకున్నా చివరి ముద్ద వదిలేశాను. అది ఎంత కష్టమో నీకే తెలుస్తుంది. వాడి చేతిలో ఏముందో పాపిష్టివాడు, బాగా వండుతాడు. ఆ ఆపిల్ కేకు అంచున కరకరలాడే ముక్క ఉంటుందే, నువ్వూ నేనూ కొట్టుకునేవాళ్లం, దాన్ని కూడా వదిలేశాను. ఇంటికొచ్చి అలాంటిది వండుకుందామని చూస్తే ఇటుకరాయి తయారైంది. మీ బావ తిన్నారు.

మొదట వాడు పట్టనట్టు నటించాడు. తర్వాత ఆ అమ్మాయిని పంపించాడు. "మామ్మగారూ, ఏమైనా తక్కువైందా అని అడగమన్నారు." "ఏమీ లేదమ్మా, అమృతం" అన్నాను. తర్వాత నాకు మాత్రం తక్కువ వడ్డించాడు. అందులోనూ వదిలాను. పోనీ నచ్చిందేమోనని ఎక్కువ వడ్డించాడు. అందులోనూ చివరి ముద్ద వదిలాను. ఒకనాడు నేను వదిలిన ముక్క తీసి వాసన చూసి, నోట్లో వేసుకుని, గోడవైపు తిరిగి నమలడం ఆ కిటికీలోంచి నా కళ్లతో చూశాను. ఆ తర్వాతి వారం కూరలో ఉప్పు ఎక్కువైంది. ఆ పై వారం అసలు లేదు. "ఈ మధ్య ఆయన అన్నీ నన్నే రుచి చూడమంటున్నారు" అని ఆ అమ్మాయి చెప్పింది. తన నాలుక మీద తనకే అనుమానం రావడం ఎలా ఉంటుందో వాడికి తెలిసొచ్చింది. ఆ రోజు ఎంత హాయిగా ఉందంటే ఇంటికొచ్చి మళ్లీ అన్నం తిన్నాను. వాడికి బీపీ గీపీ పెరుగుతుందేమోనని కాస్త భయం వేసింది గానీ, కాస్తే.

చివరికి ఒక గురువారం వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మీసం కూడా వాలిపోయింది. "ఏం తప్పు చేస్తున్నానో చెప్పండమ్మా, తల పగిలిపోతోంది" అన్నాడు.

ఈ ప్రశ్న కోసం నేను ఎన్నాళ్ల నుంచో కాచుకుని ఉన్నాను. "మా చెల్లి గుర్తుందా?" అన్నాను.

"ఏ చెల్లి అమ్మా?"

చూశావా! వాడికి గుర్తే లేదు. నువ్వు తిండి మానేశావు, నేను నిద్ర మానేశాను, వాడు మాత్రం ఆ పూటే చేతులు కడిగేసుకున్నాడు. నా ఒళ్లంతా సలసలా కాగింది. సంచి తీసుకుని ఇంటికొచ్చేశాను.

అందుకే వారమంతా సూపు మాడ్చాను. మాడ్చడం వచ్చినా, కావాలని మాడ్చడం రాలేదు. మొదటిరోజు నిలువునా బొగ్గైపోయింది. అలా కాదు, అడుగు పట్టీపట్టగానే, గరిటె లోపలికి దించకుండా పైపైన వంచి వేరే గిన్నెలోకి పొయ్యాలి. ఏ ఇంట్లో అయినా ఆడవాళ్లం చేసే దొంగతనమే. బుధవారానికి కుదిరింది. నల్లనలుసు ఒక్కటి లేదు, చూడ్డానికి పచ్చగా నిగనిగలాడుతోంది.

గురువారం మధ్యాహ్నం హాలు నిండా జనం ఉన్నప్పుడు వెళ్లి, క్యారేజీ మూత తీసి వాడి ముందు పెట్టాను. "నాయనా, నేను వండాను, రుచి చూడు." వాడు చెంచా నోట్లో పెట్టుకోగానే, "అడుగంటిందమ్మా. పైపైన తీసి గిన్నె మార్చారు" అన్నాడు.

"నల్లనలుసు ఒక్కటైనా ఉందా?"

"నలుసు అక్కర్లేదమ్మా, అడుగున పట్టిందంటే ఆ వాసన గిన్నె మొత్తానికి..." అంటూ ఆగిపోయాడు. బల్లవైపు చూశాడు, నీ కుర్చీవైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గుర్తొచ్చింది.

"ఆ రోజు నువ్వు చేసిందీ ఇదే కదూ?" అన్నాను. వడ్డించే అమ్మాయి వెనక నుంచి, ఎవరితోనో అన్నట్టు, "ఆ పెద్ద గిన్నె నేనే తోమాను. నానబెట్టి నానబెట్టి తోమినా మాడు వదల్లేదు" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

"అవును. అడుగంటింది. ఆవిడ చెప్పిందే నిజం" అన్నాడు వాడు, గొణుక్కుంటున్నట్టు.

"మాకు ముసలి చెవులు నాయనా. ఆ రోజు గట్టిగానే మాట్లాడావుగా?"

లేచి నిలబడి, హాలంతా వినేలా మళ్లీ చెప్పాడు. జనం చెంచాలు కింద పెట్టి విన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఇంకొక్కటి ఉంది చెల్లీ, ఇది రాయకుండా ఉత్తరం మడవలేను. ఇన్నాళ్లూ నువ్వు చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. నాకు జలుబు కదా. ఒకవేళ నీ నాలుకే తప్పిందేమోనని నాకూ అనిపించేది. తప్పితే తప్పనీ, నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన నోటికి శాస్తి జరగాల్సిందే అనుకుని పగ సాగించాను. వాడు ఒప్పుకున్నప్పుడు నాకు వచ్చిన ఏడుపు సంతోషానికి కాదు, ఆ అనుమానానికి. ఆ హాల్లో అంతమంది తిన్నారు, పని చేస్తున్న నాలుక నీదొక్కటే. కాబట్టి ఇవాళే అమ్మాయి కూరలో ఉప్పు చూడు. తక్కువైతే తక్కువైందని మొహం మీదే చెప్పు.

వాడు ఆ రోజు నాకు వేడివేడిగా కోడికూర తెచ్చిపెట్టి పక్కనే నిలబడ్డాడు. తిన్నాను. చివరి ముక్క వదిలేశాను. వాడికి ఏడుపొక్కటే తక్కువ. "ఇంకా ఎందుకమ్మా?" అన్నాడు. "నాకు చేసింది నేను తేల్చుకున్నాను. మా చెల్లికి చేసింది మా చెల్లి తేల్చాలి" అన్నాను. నీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వనని మాటిచ్చాడు. నువ్వొచ్చిన రోజు బఠానీ సూపు తనే తెచ్చి నీ ముందు పెడతాడట.

అల్లుడితో చెప్పి వచ్చే వారం రైలెక్కు. కిటికీ పక్కన కూర్చోకు, గాలి కొడుతుంది. కిటికీకి దూరంగానూ కూర్చోకు, ఊపిరాడదు. వచ్చాక ఆ సూపు తాగు. వాడు చేతులు నలుపుకుంటూ నీ ముఖం చూస్తుంటాడు, చూడనీ. ఎంత బాగున్నా సరే, కళ్లు మూతలు పడేంత బాగున్నా సరే, చివరి చెంచా వదిలెయ్. వాడు తల వంచుకుని లోపలికి వెళ్లాక ఆ గిన్నె ఇటు నావైపు తొయ్యి. చివరి ముద్ద తిని ఎన్నాళ్లైందో.

ఇట్లు,
ఒట్టు తప్పినా నిన్ను తప్పని
మీ అక్క