గేటు మీది పేరు

మన్సూరాబాద్

ఓటర్ల జాబితా చూసే అధికారి గారికి నమస్కరించి రాయునది.

బడి గోడకు మీరు అంటించిన జాబితాలో నా పేరు, వయసు సరిగానే ఉన్నాయి. భర్త పేరు దగ్గర మాత్రం మా ఇంటి ఓనరు జంగారెడ్డి గారి పేరు పడింది.

పేర్లు రాసుకునే సారు వచ్చినప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మీ ఆయన పేరేమిటని అడిగారు. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది. ఎవరితోనైనా చెప్పిద్దామంటే ఈ కొత్త కాలనీలో మా పక్కన ఇంకా ఇల్లే లేవలేదు. నేను తల దించుకుని నిలబడితే, ఆ సారు గేటు మీది పేరు చూసి రాసుకుని పోయారు.

నిన్న బోరింగు దగ్గర ఓనరు భార్య సుమిత్రమ్మ అందరి ముందూ నిలదీసింది. "నా మొగడు నీకెప్పుడు మొగడైండు? గీ నెలతోటి ఇల్లు ఖాళీ చెయ్యి" అన్నది.

వెంటనే మీ ఆఫీసుకు వచ్చాను. "మరి నీ భర్త పేరు చెప్పమ్మా, దిద్దుతా" అన్నారు గుమాస్తా గారు. ఆ పేరు పలకలేక తిరిగొచ్చేశాను.

మా ఆయన గడ్డిఅన్నారం నుంచి బత్తాయిల లారీ తోలుకుని నాగపూర్ పోయారు. వచ్చేసరికి తప్పులు దిద్దడానికి మీరిచ్చిన గడువు దాటిపోతుంది. ఓటు రోజు పోలింగ్ బూత్‌లో "జంగారెడ్డి భార్య" అని కేకేస్తే నేను ఏ ముఖంతో లేచి పోను?

పలకొద్దన్న మా అమ్మ, రాస్తే ఏమవుతుందో చెప్పలేదు. ఆయన ఇంకా దారిలోనే ఉన్నారు. భయపడుతూనే రాస్తున్నాను. నా పేరు, ఇంటి నంబరు కవరు మీద ఉన్నాయి. దయచేసి దిద్దండి.

ఇట్లు,
ముత్తిలింగం భార్య