ఒడ్డుకి చేరాల్సిన ఇరవై కార్డులు

2016 జూన్ 14, మంగళవారం, కళింగపట్నం.

నేను గ్రంథాలయం తలుపు తీయకముందే నారాయణమూర్తి మాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. “నాకూ ఓ కార్డు ఇయ్యే” అన్నారు. ఆయన ఇక్కడే పనిచేసి రిటైరైన లైబ్రేరియన్. నేను పుస్తకాలు చదివి, ఫోనులో రికార్డు చేసి, మెమరీ కార్డుల్లో పడవల వాళ్ళకి ఇస్తున్నానని రెండేళ్ళుగా నాతో మాట్లాడలేదు. ఇప్పుడు కళ్ళకి పొర వచ్చిందట.

సూరాడ రాబర్ట్ కూతురు మెర్సీ అనే నేను, వయసు ఇరవై, బి.ఎ. రెండో సంవత్సరం, స్వస్థచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. గురువారం విశాఖపట్నంలో నా గుండె కవాటం మారుస్తారు. ఏమీ కాదని డాక్టరు గారు చెప్పారు. ఏమైనా కావచ్చని ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. భయం వేయడం లేదు. ఏమీ అనిపించడం లేదు. ‘మరణానంతరం’ ఎంత పొడవైన మాటో రాస్తుంటే తెలిసింది.

1. గ్రంథాలయం తాళం, రిజిస్టరు, ఇరవై మెమరీ కార్డులు నావి కావు, గ్రంథాలయానివి. వాటిని ఎవరికీ రాయను.

2. నా ఫోను, అందులో నేను ఇప్పటిదాకా చదివిన నవల నలభై అధ్యాయాలు, చెల్లెలు దీవెనకి. ఇంకా పదకొండు ఉన్నాయి. సముద్రంలో చేపల వేట నిషేధం నేటితో సరి. వేటకెళ్ళేవాళ్ళు మిగతా కథ అడుగుతున్నారు. అది దీవెనే చదవాలి. “నా గొంతు ఎవులింటారే?” అంటోంది.

3. ఏడో అధ్యాయం మధ్యలో మా అమ్మ ఎలీసమ్మ “ఒసే మెర్సీ, అన్నం సల్లారిపోతాది” అని అరవడం రికార్డయింది. చెరపబోతే పడవ గంగులు బావ, “అది తీసేత్తే కతలో ఉప్పుండదే” అన్నాడు. ఎవరూ చెరపకూడదు.

4. పడవల వాళ్ళు చెప్పిన గాలుల పేర్లు రాసుకున్న నోటుపుస్తకం గంగులు బావకి. అతనికి చదువు రాదు. కళ్ళ పొర తీయించుకున్నాక మాస్టారు పైకి చదివి వినిపించాలి. “పుస్తకం సదువుతారు గానీ ఇంటారేటే?” అని పదిమందిలో నన్ను అన్నందుకు మాస్టారికి అదే శిక్ష.

5. ఈ వీలునామాని అమలు చేసే బాధ్యత కూడా ఆయనదే. ఒప్పుకున్నారు.

(సంతకం) సూరాడ మెర్సీ
సాక్షులు: నీలవేణి, మోహనకృష్ణ

సాక్షులు సంతకం చేశాక రాసినది: రేపు పొద్దున ఆరున్నరకి పడవలు కదులుతాయి. విశాఖపట్నానికి మా బస్సు ఏడింటికి. దీవెనని ఐదింటికి లేపి నలభై ఒకటో అధ్యాయం చదివిస్తాను. తప్పు చదివినా దిద్దను. అది ఎక్కించిన కార్డులు ఒడ్డుకి తననే తీసుకెళ్ళమంటాను.