గంప ఎత్తాల్సిన చెయ్యి

మానెమ్మ అక్కకు,

నీ తమ్ముడు నర్సింలు దండం పెట్టి రాస్తున్నాడు. నువ్వు, బావ, మన సునీత చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నేను బాగానే ఉన్నాను, రంది పెట్టుకోకు. సునీత లగ్గం ఖాయమైందన్న కబురు అందింది. ఎంత సంతోషపడ్డానో అంత ఏడ్చాను. ఎందుకో రాస్తున్నాను. ఈ ఉత్తరం బావతోనే చదివించుకో, పిల్ల చేతికి ఇవ్వకు.

కాజీపల్లిలో వానలు పట్టాయి. వాన పడితే మందుల కంపెనీల వాసన ఇంకా ఎక్కువవుతుంది, అన్నం సహించదు. గదిలో నేను, జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన యాదగిరి ఉంటున్నాం. వంట అతనిదే. నేను చెంచాతో తింటున్నాను, దొరలాగా. నవ్వకు.

ఎండాకాలంలో చెయ్యి విరిగిందని చెప్పాను కదా. లారీలోంచి దించుతుంటే డ్రమ్ము జారి, కుడి చెయ్యి దానికీ లారీ అంచుకూ మధ్య నలిగింది. మోచేతికీ మణికట్టుకూ నడుమ రెండు ఎముకలూ విరిగాయి. సంగారెడ్డిలో డాక్టరు మోచెయ్యి దాటేదాకా సిమెంటు పట్టీ వేసి, ఆరు వారాలు పని మాట ఎత్తవద్దన్నాడు. ఆయనకేం, అనేశాడు. పట్టీతో కంపెనీ గేటు దగ్గరికి పోతే మా కాంట్రాక్టరు ఆపేశాడు.

"గీ పట్టీ ఎవరన్న ఆఫీసర్ సూస్తే నాకు పరేషాన్. తీసేసినంక రా. అప్పటిదాంక నీ జాగల ఇంకొకన్ని పెట్టుకుంట."

ఇక్కడ అందరూ చేసేదే నేనూ చేశాను. ఎముకలు కట్టే తాత ఒకాయన దగ్గరికి పోయి, సిమెంటు పట్టీ కోయించి వెదురు బద్దల కట్టు కట్టించుకున్నాను. అది పలుచగా ఉంటుంది, పొడుగు చేతుల అంగీ కింద కనబడదు. తాతను తిట్టకు. గుడ్డు సొన పూసి కడుతూ ఆయన గట్టిగానే చెప్పాడు, "బిడ్డా, కట్టు నాది. బరువు ముడితే మాత్రం నా పూచీ లేదు" అని. కానీ కట్టు కనబడని మనిషిని బరువు ఎత్తవద్దని ఎవరంటారు? డ్రమ్ములు ఎత్తాను.

ఎముక అతుక్కుంది, వంకరగా. బోర్లా పెట్టి చేసే పనులన్నీ ఈ చెయ్యి చేస్తుంది, ఉత్తరం కూడా రాస్తోంది. అరచెయ్యి మాత్రం వెల్లకిలా తిరగదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడిలో తీర్థానికి ఎడమ చెయ్యి చాపితే పూజారి ఆగి నా ముఖం చూశాడు.

పెండ్లిపిల్లను గంపలో కూర్చోబెట్టి మేనమామే ఎత్తుకురావాలి కదా. గంప అడుగున చెయ్యి వేయాలంటే అరచెయ్యి పైకి తిరగాలి. మొన్న ఆదివారం బట్టలుతికే పెద్ద టబ్బులో యాదగిరిని కూర్చోబెట్టి చూశాను. ముసుగు కప్పుకొని, "లేపు మామా, అత్తగారోళ్లు సూస్తున్నరు" అన్నాడు. అవతలి పక్క ఇంకో మనిషి పట్టాడు. జానెడు లేచిందో లేదో నా పక్క జారి యాదగిరి కింద పడ్డాడు. అందరం నవ్వాం. నేను నీళ్ల మిషతో బయటికి వచ్చేశాను.

మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాను. పట్టీ ఎందుకు తీసేశావని అడిగి, చెయ్యి తిప్పి చూశాడు. "మళ్ల ఇరగ్గొట్టి ప్లేటు వెయ్యాలె. పట్నం పోవాలె. అయినా ముందటి లెక్క చెయ్యి మొత్తం తిరుగుతదని చెప్పలేను" అన్నాడు. లగ్గం అయ్యాక పోతాను.

లగ్గానికి మాత్రం రాను అక్కా. నువ్వు కోప్పడతావు, తెలుసు. వచ్చి పక్కన నిలబడితే ఎందుకు ఎత్తడం లేదని పది మంది అడుగుతారు. పెద్దనాయన కొడుకు మొగులయ్యతో గంప ఎత్తించు, వాడూ మేనమామే. సునీతకు నా చెయ్యి సంగతి చెప్పకు. కంపెనీలో సెలవు ఇవ్వలేదని చెప్పు. కాదు, ఆ మాట నమ్మదు. మామకు పని ముఖ్యమైంది, అందుకే రాలేదని చెప్పు. నా మీద కోపంతో అత్తగారింటికి పోయినా సరే, ఏడుస్తూ పోకూడదు.

బావకు, మొగులయ్యకు దండాలు. బిడ్డకు నా దీవెనలు, అవి ఎవరివో చెప్పకుండానే అందించు. నీ దీవెన నాకు పంపు.

నీ తమ్ముడు,
నర్సింలు