అమ్మ ప్రయాణం గంటన్నర

ఔసుయిత్తుక్

ప్రియమైన ఉలూరియాక్ అత్తకు,

మా ఊరి విమానాశ్రయం నుంచి మీ రెజల్యూట్‌కు దూరమెంత, ప్రయాణం ఎంతసేపు అని బడిలో అడిగారు. దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు, గంటన్నర అని రాశాను. టీచరు ఒప్పు పెట్టారు.

జబ్బుపడ్డ అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి మీ ఊరి నుంచి బయలుదేరిన విమానం కూడా గంటన్నరకే వచ్చింది. పొగమంచులో దిగలేక కొండల మీదే తిరిగింది. అమ్మ కళ్ళు మూసుకుని వింటోంది.

"వస్తోందా, పోతోందా?" అంది.

"వస్తోంది" అన్నాడు నాన్న. విమానం చప్పుడు పూర్తిగా ఆగిపోయాక కూడా అదే మాట అన్నాడు.

అమ్మ పోయినా నాకు ఏడుపు రాలేదు. సీలు మాంసం కోస్తాను, తింటాను, రుచి తెలియదు. ఈమధ్య మాటలంటే ఇష్టం పట్టుకుంది కానీ, దీనికి తగిన మాట వెతకబుద్ధి కావడం లేదు.

మియాలి అక్క ఇకాలూయిత్ ఆసుపత్రిలో తనకు పుట్టిన పాపకు అమ్మ పేరే పెట్టింది. పోయినవాళ్ళ పేరు పెడితే వాళ్ళే తిరిగొచ్చినట్టు కదా మనకు; ఇక ఆ పసిదాన్ని నేను "అమ్మా" అనాలి, నాన్న "ఏమే" అనాలి. కానీ పిల్లలు లేని నీకు ఆ బిడ్డను ఇస్తామని కడుపులో ఉండగానే మాట ఇచ్చేశాం. ఇంటికి వచ్చే దారిలో అక్క మీ ఊళ్ళో దిగి పాపను నీకు అప్పగిస్తుంది. ఇచ్చిన మాట కదా.

బిడ్డను అడగను అత్తా. ఆ పేరు ఒక్కటి మార్చు. అమ్మ మళ్ళీ గంటన్నర అవతల ఉండిపోతే నేను తట్టుకోలేను.

నీ మేనకోడలు
అలూకి


రెజల్యూట్

నా తల్లీ అలూకీ,

పేరు మార్చను. పిలిచేవాళ్ళు లేకపోతే ఆమె ఎక్కడికని వస్తుంది?

విమానం దిగగానే మియాలి పాపను నా చేతుల్లో పెట్టింది. "వదినా" అన్నాను. పాప మొహం చిట్లించింది. నా చేతి టీ తాగి మీ అమ్మ పెట్టే మొహమే. "బాగా చూసుకో అత్తా" అంది మీ అక్క, ఎటో చూస్తూ. "నేను చూసుకునేదేమిటే, ఈవిడ ఏనాడు నా మాట విన్నది? మా అన్న పెళ్ళాన్ని నా ఇంట్లో పెట్టుకుంటే ఊరు నవ్వదా?" అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వలేకపోయాం.

నా ఇంట్లో ఖాళీ ఉయ్యాల ఉంది. దాని సంగతి నేను చూసుకుంటాను.

అక్కనూ పాపనూ ఇద్దరినీ మీ ఊరికి అదే విమానం ఎక్కిస్తున్నాను. ఈ ఉత్తరం అక్క చేతిలో ఉంటుంది, అమ్మ అక్క వీపున ఉంటుంది. అక్క వేసుకున్న, వీపున బిడ్డను మోసే ఆ కోటు చలికాలమంతా కూర్చుని నేనే కుట్టాను. మెడ దగ్గర కుట్టు వంకర పోయింది. ఆవిడ చూసి ఏమైనా అంటే నాకు రాయి.

మీ అత్త
ఉలూరియాక్