దండ లేని ఫోటో

ఉప్పల్,
3-2-2008

సత్యవేణి టెలీ క్రియేషన్స్ మేనేజరు గారికి నమస్కారాలు.

నేను నటుడు బుచ్చిబాబు గారి భార్యని, రాజ్యాన్ని. ఫోన్ చేస్తే మీ సీరియల్ పాట మొత్తం వినిపించి కట్టయిపోతోంది, అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఈ నెల ఇరవై నాలుగున ఆయన సంవత్సరీకం. గోడకి పెట్టుకుందామంటే ఇంట్లో ఒక్క ఫోటో లేదు. పెళ్ళి ఫోటో చెదలు తినేశాయి. ఆ తర్వాత ఎప్పుడు కెమెరా తీసినా "ఇంటికొచ్చాక కూడానా రాజ్యం" అని మొహం తిప్పేసుకునేవారు. నూట అరవై సీరియళ్ళలో కనిపించిన మనిషికి ఫోటో కరువా అని చుట్టాలు ఆశ్చర్యపోతున్నారు. మీ దగ్గర ఉంటే ఒకటి పంపండి.

ఇట్లు,
రాజ్యం

తా.క.: మా వీధిలో పూలమ్మే మల్లవ్వ ఆయన పోయారంటే ఇప్పటికీ నమ్మదు. "సీరియల్ల ఎన్నిసార్లు సావలే సారు? మళ్ల సోమవారం రాలే? జర ఓపిక పట్టు" అంటుంది. ఆ మాట వినడానికే రోజూ దేవుడికి పూలు కొంటున్నాను.


నాచారం,
6-2-2008

రాజ్యం అమ్మగారికి నమస్తే.

నేను ప్రొడక్షన్ మేనేజర్ నరేందర్‌ని. సార్ అంటే మా యూనిట్‌లో అందరికీ ప్రాణం. మీ ఉత్తరం చూడగానే సెట్ గోడ మీంచి ఆయన ఫోటో దింపించి, గంధపు దండతో సహా పంపుతున్నాను.

మీ,
నరేందర్

తా.క.: సోమవారంలోగా తిరిగి పంపగలరా? కథలో ఆయన కొడుకు ఇంకా రోజూ ఆ ఫోటో ముందే ఏడుస్తున్నాడు.


ఉప్పల్,
9-2-2008

నరేందర్ గారికి,

ఫోటో తిరిగి పంపుతున్నాను, ఆ అబ్బాయి ఏడుపు ఆగకూడదు కదా. అందులో ఉన్నది గుబురు మీసాల జమీందారు. మా మరిది కామరాజు దణ్ణం పెట్టుకుని, "ఎవరొదినా, మీ తాతగారా?" అని అడిగాడు. నాకు వేషం వద్దండీ. మేకప్ లేని మనిషి కావాలి. పొద్దున్నే నాలుగు మాటలు చెప్పుకోవాలి, జమీందారుతో నాకేం మాటలుంటాయి?

ఇట్లు,
రాజ్యం

తా.క.: సంవత్సరీకం రోజున ఆయనకిష్టమైన దొండకాయ వేపుడు చేస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు రోజు విడిచి రోజు క్యారేజీలో అదే కట్టాను. ఒక్క ముక్క మిగల్చకుండా ఖాళీ గిన్నె తెచ్చేవారు.


నాచారం,
12-2-2008

అమ్మా, నమస్తే.

ఆల్బమ్‌లన్నీ వెతికాను. జడ్జి, డాక్టరు, ఎస్సై, పూజారి, మళ్ళీ జడ్జి. మేకప్ లేకుండా ఒకే ఒక్కటి దొరికింది. వెంటనే పంపుతున్నాను.

మీ,
నరేందర్

తా.క.: ముక్కులో దూది ఉంది. పట్టించుకోకండి.


ఉప్పల్,
14-2-2008

నరేందర్,

శవం వేషం పంపావేమయ్యా. ఆ మొహం నేను నిజంగానే చూశాను, ఆసుపత్రి మంచం మీద. అప్పట్నుంచి కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది. దాని మీద ఇంకో మొహం పెట్టుకుందామనే ఇన్నిసార్లు అడుగుతున్నాను. లేకపోతే లేదని రాసెయ్యి, ఊరుకుంటాను.

రాజ్యం

తా.క. రాసే ఓపిక లేదు.


నాచారం,
18-2-2008

అమ్మా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. తప్పయింది.

మా దగ్గరో ఆచారం ఉంది. ఎవరైనా చనిపోయే సీను చేస్తే, లేచాక కెమెరా ముందు నవ్వించి ఒక షాట్ తీస్తాం, కీడు పోవడానికి. అది టీవీలో వెయ్యం. సార్ ఇరవై మూడుసార్లు చనిపోయారు, ఇరవై మూడుసార్లు నవ్వారు. పాత టేపులు వెతికి ఒక నవ్వు ప్రింటు తీయించాను. మీకు పంపిన ఆ దూది ఫోటో తర్వాతి నిమిషంలోదే. దూది తీసేసి, లేచి కూర్చుని నవ్వుతున్నారు.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. "నవ్వమంటే నవ్వు రాదయ్యా" అనేవారు సార్. అప్పుడు కెమెరా పక్కన నిలబడి మీ క్యారేజీ మూత తీసి చూపించేవాణ్ణి. దొండకాయ కనపడగానే పగలబడి నవ్వేవారు. ఆయనకి అది అస్సలు పడదమ్మా. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు.

మీ,
నరేందర్

తా.క.: తొమ్మిదేళ్ళు ఆ గిన్నె ఖాళీ చేసింది నేనే. చాలా బాగుండేది. అంతకుముందు ఎవరు తిన్నారో నాకు తెలియదు.


ఉప్పల్,
20-2-2008

చిరంజీవి నరేందర్‌కి ఆశీస్సులు.

ఫోటో అందింది, గోడకి పెట్టాను. దండ వెయ్యలేదు, ఆ నవ్వుకి నప్పలేదు.

నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండింది. ముప్పై ఒక్క ఏళ్ళు నమ్మించారు కదా అనుకున్నాను. తర్వాత నవ్వొచ్చింది, ఏడాదిలో మొదటిసారి. ఎందుకంటే దొండకాయ నాకూ పడదు. కాపురానికొచ్చిన రోజు ఇంట్లో అవే ఉంటే వేయించాను. ఆయన అద్భుతం అన్నారు. ఇష్టం కాబోలనుకుని అన్నేళ్ళూ వండాను, ఆయన ముందు లొట్టలేస్తూ తిన్నాను. ఒకే ఇంట్లో ఇద్దరు నటులం, శాలువాలు మాత్రం ఆయనకే కప్పారు.

ఇరవై నాలుగున భోజనానికి రా. వేపుడు నీ ఒక్కడికే చేస్తాను. ఆయనకి నిజంగా ఏమిష్టమో నీకు తెలిస్తే ముందే చెప్పు, అదీ వండుతాను.

ఇట్లు,
రాజ్యం

తా.క.: మల్లవ్వ పూలివ్వడానికి వచ్చి ఆ ఫోటోని చాలాసేపు చూసింది. "గీ నవ్వు సీరియల్ల ఎన్నడు సూడలేదమ్మా" అంది. "ఇగ నిజంగనే పోయిండు గదా సారు" అని బుట్ట దించి గడపలో కూర్చుంది. నేనూ ఆవిడ పక్కన కూర్చున్నాను.